మగ్గులో ఆఖరి గుక్క

రూయ్‌వాటర్‌లో ఎవరైనా గుమ్మం ముందుకొస్తే మొదట మగ్గుతో నీళ్ళిస్తారు, ఆ తర్వాతే పేరడుగుతారు. వచ్చినవాడు పగవాడైనా సరే. దాహంతో ఉన్న నోటి ఎదుట తానొక్కడే గుటకలు మింగేవాడిని దక్షిణాఫ్రికాలోని మా నమక్వాలాండ్‌లో మనిషి కింద లెక్కెయ్యరు. అలాంటి ఊళ్ళో ఆండ్రీస్‌కి ఆరు నెలలుగా ఎవ్వరూ మగ్గు అందించలేదు.

తప్పు వాడిదే, అబద్ధమెందుకు? ఏడేళ్ళు వానల్లేక మందలు చచ్చిపోయిన కాలమది. ఫోనులో ఎవడో పట్నంవాడు మొక్కలకి డబ్బిస్తానని తియ్యగా మాట్లాడాడు. వీడు స్క్రూడ్రైవరు పట్టుకుని తెల్లరాళ్ళ గుట్టెక్కి, అక్కడి గుండీ మొక్కల్ని నలభై ఒక్క గుత్తులు పెకిలించి గోనెసంచిలో పోశాడు. గుండీలంటే పెద్ద చెట్లేం కావు. బొటనవేలి గోరంత ఉంటాయి, లోపలంతా కండే, పైన పెదవులు బిగించుకున్నట్టు చిన్న చీలిక. ఆ రకం మా గుట్టమీద తప్ప ఇంకెక్కడా మొలవదు. రోడ్డెక్కకముందే పోలీసులు పట్టుకున్నారు. మొదటి తప్పని కోర్టు జైలుకు పంపకుండా వదిలేసింది. ఊరు మాత్రం వదల్లేదు.

ఆదివారం చర్చి గుమ్మంలో ఫ్లిప్ ఔపా చేతికర్ర నేలకేసి కొట్టి అందరి ముందూ చెప్పేశాడు. ఎనభై దాటిన మనిషి. ఊళ్ళో ముసలీ ముతకా కూడా ఆయన్ని తాతా అన్నట్టు ఔపా అనే పిలుస్తారు.

"ఆ మొక్కలు మళ్ళీ గుట్టెక్కిన రోజున నా చేత్తో నీకు మగ్గిస్తానురా. అప్పటిదాకా నీ దాహం నీది, మా నీళ్ళు మావి."

ఆ రోజునుంచి ఆండ్రీస్ సొంత ఇంట్లో కూడా మగ్గు ముట్టడం మానేశాడు. పంపు దగ్గర గొంతుక్కూర్చుని దోసిటితో తాగేవాడు. అది చూసినప్పుడల్లా వాళ్ళక్క మీటా ముఖం తిప్పుకునేది. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. ఎత్తుకుని పెంచింది ఆవిడే.

అందుకే, పోలీసులు ఆ మొక్కల్ని పట్నంలో ఒక నర్సరీలో పెట్టారనీ, అక్కడ పనికి మనిషి కావాలనీ తెలిసిన మర్నాడే మీటా బండెక్కి వెళ్ళి గేటు ముందు నిలబడింది. యాభై ఎనిమిదేళ్ళ వయసు, ఎడమ కంట్లో పొర, మేకలు కాయడం తప్ప ఇంకో పని చేసిన పాపాన పోలేదు. అయినా ఉద్యోగం ఇచ్చేదాకా కదల్లేదు. వాన కురిశాక, మాకు చలికాలం మొదలయ్యే మే నెలలో, ఆ మొక్కల్ని తిరిగి గుట్టమీద నాటుతారట. అప్పటిదాకా అవి బతికుండాలి. తన తమ్ముడి మగ్గు ఆ నలభై ఒక్క కుండీల్లో ఉందని ఆవిడ లెక్క.

నర్సరీ నడిపేది ఎస్మే అనే అమ్మాయి. మొక్కల చదువు చదువుకుంది. ముప్పై నిండలేదు గానీ మాట మాత్రం మిలిటరీ.

"మీటా ఆంటీ, ఒక్కటే నియమం. వేసవంతా, డిసెంబరునుంచి మార్చి అయ్యేదాకా, వీటికి నీళ్ళు పొయ్యొద్దు. చుక్క కూడా."

"ఇంత ఎండలోనా? చుక్క కూడానా?"

"ఎండలోనే పొయ్యకూడదు. నిద్రపోతున్నాయి. పైన ఈ ఎండు తోలు ఉంది చూశారా, అది దుప్పటి. లోపల కొత్త ఆకు పడుకుని ఉంది. నిద్రలో తాగలేవు కదా, పోసిన నీళ్ళు వేళ్ళ దగ్గరే నిలిచి కుళ్ళబెడతాయి."

మీటా తలూపింది. తలూపడానికేం, మేక కూడా ఊపుతుంది.

గుట్ట పక్కనే పుట్టి పెరిగిన మనిషికి ఆ మాత్రం తెలియదా అంటారేమో. తెలియదు మరి! ఎండలు ముదిరేసరికి మా వాళ్ళు మందల్ని సముద్రం వైపు తోలుకుపోతారు, చల్లబడ్డాకే తిరిగొస్తారు. నడి వేసవిలో ఆ గుండీలు ఎలా ఉంటాయో చూసిన కన్ను మా ఊళ్ళో లేదు. మీటా చూసిందల్లా చలికాలపు వానలో నిగనిగలాడే గుండీలనే. ఇక్కడ కుండీల్లో ముడుచుకుని, గోధుమరంగు తోలు కప్పుకుని, చచ్చినవాటిలా పడున్నాయవి. గుట్టమీద ఉన్నన్నాళ్ళూ దేవుడి పూచీ, కుండీలో ఉన్నన్నాళ్ళూ నా పూచీ అనుకుందావిడ.

మధ్యాహ్నం రేకుల కింద నిప్పులు కురిసేవి. మీటా నీడన కూర్చుని, బూడిదలో కాల్చిన రొట్టె తిని, మగ్గెత్తేది. ఎదురుగా నలభై ఒక్క నోళ్ళు. మన ఊరివే, మన గుట్టవే. వాటి ముందు గటగటా తాగడానికి ఆవిడకి గొంతు దిగేది కాదు. ఎస్మే ఆఫీసు గదిలోకి వెళ్ళగానే మగ్గులో ఆఖరి గుక్క ఆపి, ఒక కుండీలో పోసేది. ఇవాళ ఈ వరస, రేపు ఆ వరస.

"తాగండర్రా. ఆ పిల్లకి చదువుంది గానీ జాలి లేదు" అనేది వాటితో.

క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది. నీళ్ళు తాగినవి కాస్త ఉబ్బినట్టు కనిపించాయి. మీటాకి లోలోపల ఎంత గర్వమో! చదువుకున్నవాళ్ళకంటే చాకిరీ చేసినవాళ్ళకే ఎక్కువ తెలుస్తుందని బండిలో పక్కామెతో అననే అంది.

జనవరి రెండోవారంలో ఒక ఉదయం తలుపు తీయగానే వాసన తగిలింది. పిండి పులిసి పాడైన వాసన. కన్ను మసకే గానీ మీటా ముక్కు మసక కాదు. వాసన పట్టుకుని మూడో వరస దాకా వెళ్ళి, ఒక గుండీని వేలితో ముట్టుకుంది. అది మగ్గిపోయిన ద్రాక్షలాగా చితికి, నీరు కారింది. పక్కది ముట్టుకుంది. అదీ అంతే.

ఎస్మే వచ్చి చూసి నెత్తి పట్టుకుంది. రేకులు కారుతున్నాయేమోనని నిచ్చెనెక్కి చూసింది. కుండీలు బోర్లించి అడుగు చిల్లులు పూడాయేమోనని చూసింది. చివరికి నేలమీద కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నా తప్పే ఆంటీ. మట్టిలో గులకరాయి తక్కువ కలిపినట్టున్నాను. చెమ్మ పట్టేసింది. ఇరవై ఆరు కుండీలు! పోలీసులకేం చెప్పను, మీ ఊరివాళ్ళకేం చెప్పను?"

మీటా నిజం చెప్పాలనుకుంది, చెప్పలేకపోయింది. ఆ సాయంత్రం బండిలో తల వంచుకునే కూర్చుంది. ఇంటికొచ్చేసరికి ఆండ్రీస్ పంపు దగ్గర దోసిలి పట్టి తాగుతున్నాడు. తలెత్తి అడిగాడు, "ఎలా ఉన్నాయక్కా అవి?"

"బాగానే ఉన్నాయి" అంది. అనేసి, తన మాట తనకే చేదుగా తగిలి, పొయ్యి దగ్గరికెళ్ళి ఊరికే బూడిద కెలుకుతూ కూర్చుంది.

మర్నాడు వెళ్ళేసరికి నర్సరీ వెనక ఇనప పీపా నిలబెట్టి ఉంది. పక్కన కిరసనాయిలు డబ్బా. కుళ్ళు మిగతావాటికి అంటుకోకుండా ఆ ఇరవై ఆరింటినీ తగలబెట్టెయ్యాలని ఎస్మే నిశ్చయం. మొదటి పళ్ళెం ఎత్తబోతుంటే మీటా అడ్డం నిలబడింది.

"ఆగమ్మాయ్. తప్పు నీది కాదు. నీళ్ళు నేనే పోశాను."

"ఏంటీ?"

"రోజూ. నా మగ్గులో ఆఖరి గుక్క. వాటి ఎదుట తాగలేకపోయాను."

ఎస్మే ముఖం ఎర్రబడింది. "చుక్క కూడా వద్దన్నానా లేదా? తలూపారే! నిన్న నేను ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నారే! మీ తమ్ముడు వాటిని పీకాడు, మీరు ముంచేశారు. కుటుంబం కుటుంబమంతా కట్టకట్టుకుని మీదపడ్డారా ఆ అమాయకపు మొక్కలమీద?"

"తిట్టు. ఇంకా తిట్టు, పడతాను. కానీ ఒక్క మాట చెప్పు. మేకకి డెక్క కుళ్ళిందనుకో, మేకని కాల్చేస్తామా?"

"డెక్కేమిటి, మేకేమిటి ఇప్పుడు?"

"తడి దొడ్లో కడితే డెక్క కుళ్ళుతుంది. ఇదే వాసన. కత్తి కాల్చి, కుళ్ళినంతా కోసెయ్యాలి. కనికరించి కొంచెం వదిలావా, మళ్ళీ పాకుతుంది. తెల్లగా మంచి భాగం తగిలేదాకా కోసి, బూడిదద్ది, పొడినేల మీద నిలబెడితే పదిహేను రోజుల్లో గెంతుతుంది. నా చేత్తో ఎన్నిటికి చేశానో లెక్కలేదు."

ఎస్మే చేతిలో పళ్ళెం అలాగే ఉండిపోయింది. కోపం తగ్గలేదు గానీ, చదువు తన పని తాను చేసింది. ఒక గుత్తిని కుండీలోంచి లాగి మట్టి దులిపింది. ఇరవై గుండీల గుత్తి. నడుమన పన్నెండు గోధుమరంగు ముద్దయిపోయాయి. అంచున ఎనిమిది ఇంకా గట్టిగా ఉన్నాయి.

"విడదీసి, ఒక్కొక్కదాన్నీ కోసి ఆరబెడితే కొన్ని బతకొచ్చు" అంది నెమ్మదిగా. "కానీ ఇది ఒక మొక్క, దీనికి పోలీసులిచ్చిన నంబరు ఒకటి. ఎనిమిదయితే కాగితంలో ఏం రాయను?"

"పిల్లలు పెట్టిందని రాయి."

ఎస్మేకి నవ్వొచ్చింది. అంత కోపంలోనూ వచ్చింది. రాకుండా ఆపుకుందామని చూసి, ఆపుకోలేకపోయింది.

పదునైన చిన్న కత్తి తెచ్చారు, స్పిరిటు సీసా తెచ్చారు. ఒక్కో కోతకీ కత్తి తుడవాలి, లేకపోతే కుళ్ళు కత్తెక్కి ఇంకోదానిమీద దిగుతుంది. చిక్కెక్కడొచ్చిందంటే, కోశాక కాడ మధ్యలో గోధుమరంగు చుక్క ఉందేమో చూడాలి. సూదిమొనంత చుక్క ఉన్నా కుళ్ళు మిగిలినట్టే, ఇంకో పొర కొయ్యాలి. మీటా కంటికి చుక్క ఆనదు. ఎస్మే కంటికి ఆనుతుంది గానీ, ఆ గోరంత వాటిని పట్టుకుంటే ఆ పిల్ల చెయ్యి వణుకుతోంది. రెండింటిని అనవసరంగా సగానికి కోసేసింది కూడా.

"చూసే కన్నూ వణకని చెయ్యీ రెండూ ఉన్న మనిషి ఒకడున్నాడు" అంది మీటా.

"ఎవరు?"

"నా తమ్ముడు."

"బాగుంది! దొంగ చేతికి తాళాలు!"

"నిజమే, దొంగే. గుత్తిని వేళ్ళతో సహా చెక్కుచెదరకుండా పీకాడు వాడు. పోలీసు బండిలో అన్ని మైళ్ళు దొర్లినా ఒక్కటి చావలేదని నువ్వే అన్నావుగా."

ఎస్మే పీపా వైపొకసారి చూసింది, పళ్ళెం వైపొకసారి చూసింది. "పిలవండి" అంది.

ఆండ్రీస్ దొరికిన బండెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చాడు. గేటు దాటి లోపలికి రావడానికి పది నిమిషాలు పట్టింది వాడికి. ఎస్మే ముఖం గంటు పెట్టుకునే మగ్గుతో నీళ్ళు తెచ్చి అందించింది. ఆమెదీ ఇటువైపు ఊరే, ఎంత కోపమున్నా అలవాటు పోతుందా? వాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా. ఇవి గుట్టెక్కాక, ఔపా ఇస్తేనే."

ఇనప పంపు దగ్గర దోసిటితో తాగి, చేతులు తుడుచుకుని, పని దగ్గర కూర్చున్నాడు. మొదటి గుండీని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, అన్ని పీకాను గానీ ఒక్కదాన్నీ ఇలా చూడలేదు. లోపల వెలుతురు కనిపిస్తోంది దీంట్లో" అన్నాడు.

"చూసింది చాలు, కొయ్యి" అంది మీటా.

మూడు రోజులు పట్టింది. ఆండ్రీస్ కోసేవాడు, ఎస్మే కత్తి తుడిచి ఇచ్చేది, మీటా కోతకు పొడి అద్దేది. దానిమీదా గొడవే. ఎస్మే దాల్చినచెక్క పొడి అద్దాలంది, అది బూజు పట్టనివ్వదని.

"పుడ్డింగులో వేసేదా?" అడిగింది మీటా.

"ఆ, అదే."

"వీటిని బతికిస్తున్నామా, వండుతున్నామా?"

చివరికి సగానికి దాల్చినచెక్క, సగానికి పొయ్యి బూడిద అని రాజీపడ్డారు. దేనితో ఎక్కువ బతికాయంటే ఇప్పటికీ ఎవరి మాట వాళ్ళదే, ఆ తగువు మనకెందుకు. ఇరవై ఆరు గుత్తుల్లో తొమ్మిది పూర్తిగా పోయాయి. ఒక్క గుండీ కూడా దక్కలేదు. వాటిని పీపాలో వేసి నిప్పంటించినప్పుడు మీటా తలగుడ్డ తీసి నిలబడింది, మనిషిని సాగనంపినట్టు. మిగతా పదిహేడూ నూట నలభైమూడు విడి గుండీలై, గాలి ఆడే నీడలో పాత వార్తాపత్రికల మీద వరసగా కూర్చున్నాయి.

పదిహేను రోజులకి గాయాలు పక్కుకట్టాయి. పొడి గులకరాళ్ళ మీద వాటిని నిలబెట్టారు. ఇక చెయ్యాల్సిందేమిటంటే, ఏమీ చెయ్యకపోవడం. మీటాకి ప్రపంచంలో అంత కష్టమైన పని ఇంకోటి తగల్లేదు. మధ్యాహ్నం రొట్టె, మగ్గు పట్టుకుని గోడ అవతలికి వెళ్ళి, వీపు తిప్పుకుని తినేది. చూస్తే చెయ్యి ఊరుకోదని ఆవిడకి తెలుసు.

ఫిబ్రవరి ఆఖరున కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఎండ కాసింది. గుండీలు ముడతలు పడి, ఎండు శనగల్లా అయిపోయాయి. మీటా గోడ అవతల ఉండలేకపోయింది. మగ్గుతో లోపలికొచ్చి పళ్ళెం మీదికి వంగింది. చచ్చిపోతున్నాయి, కళ్ళెదుట చచ్చిపోతున్నాయి. ఒక్క గుక్క. ఒక్క గుక్కతో ఏమవుతుంది?

"అక్కా."

ఆండ్రీస్ గుమ్మంలో ఉన్నాడు. పని ముగిసినా వాడు వారానికి రెండుసార్లు వచ్చి గులకరాయి జల్లించి పెడుతున్నాడు, ఎవరూ అడక్కుండానే.

"వాటికి దాహం లేదక్కా. దాహం నీది. నువ్వు తాగు."

"ఇవి పోతే నీకు జన్మలో మగ్గు రాదురా!" మీటా గట్టిగా ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా బయటపడింది. "నేనే పోగొట్టినదాన్నవుతాను. అమ్మకి ఏం చెప్పుకోను?"

ఆండ్రీస్ వచ్చి, మగ్గు పట్టుకున్న అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా ఆవిడ నోటిదాకా ఎత్తాడు. "తాగక్కా. నేనాగట్లేదూ? ఇవీ ఆగుతాయి."

మీటా తాగింది. ఆఖరి గుక్క కూడా తాగింది. చిన్నప్పుడు తనెత్తి పెంచినవాడు తనకి నీళ్ళు తాగిస్తున్నాడే అనుకుంటే ఇంకా ఏడుపొచ్చింది.

ఏప్రిల్‌లో ఒక ఉదయం సముద్రం వైపునుంచి మంచు కమ్మింది. గాలి చల్లబడింది. ఎస్మే ఒక గుండీని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా పైకి లాగింది. అది రాలేదు.

"పట్టుకుంది! ఆంటీ, వేరు పట్టుకుంది!" చదువుకున్న పిల్ల మేకపిల్లలా గెంతింది.

ఇంకోటి లాగి చూశారు, అదీ పట్టుకుంది. ఆ రోజే మొదటిసారి, తెల్లవారి చల్లటి వేళ, మట్టి తడిసీ తడవనంత నీళ్ళు చిలకరించారు. చిలకరించే పని ఎస్మే తన చేతిలోంచి మీటా చేతిలో పెట్టింది. "ఇప్పుడు పొయ్యండి. ఇప్పుడు మేలుకున్నాయి" అంది. వారం తిరిగేసరికి ఎండు తోలు మధ్యలో చిట్లి, లోపలినుంచి పచ్చటి కొత్త గుండీలు తొంగిచూశాయి. కొన్ని తోళ్ళలో ఒకటి కాదు, రెండేసి ఉన్నాయి.

మే నెలలో నాలుగు రోజులు వాన పడింది. ఐదోరోజు తెరిపి ఇచ్చాక ఊరంతా తెల్లరాళ్ళ గుట్టెక్కింది. ఫ్లిప్ ఔపాని గాడిదబండిలో కొండమొదలు దాకా తెచ్చారు. అక్కడినుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కర్రతోనే ఎక్కాడు. ఆండ్రీస్ మోకాళ్ళ మీద కూర్చుని, ఏ రాతి పగుల్లోంచి పీకాడో ఆ పగుల్లోనే నాటాడు. మొదలు చుట్టూ తెల్లరాళ్ళు ఆనించాడు, నీరు నిలవకుండా జారిపోవాలని. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. ఎవరైనా సాయం వస్తే వద్దన్నాడు.

ఔపా ఒక బండమీద కూర్చుని అంతా చూశాడు. "ఏరా, పట్టుకుపోయింది నలభై ఒకటి అన్నారు. ఇదేంటి ఇంత మంద తోలుకొచ్చావు?"

"పిల్లలు పెట్టాయి ఔపా" అంది ఎస్మే, కాగితం చూపిస్తూ. "ఇదిగో, అలాగే రాశాను."

జనం గొల్లున నవ్వారు. ఆండ్రీస్ నవ్వలేదు. మట్టి చేతులతో, తల వంచుకుని ముసలాయన ముందు నిలబడ్డాడు.

ఔపా చంకసంచిలోంచి ఎనామిల్ మగ్గు తీశాడు. అంచు పెచ్చులూడిన పాత మగ్గు. సీసాలోంచి నీళ్ళు నిండా వంచి, ముందుకు చాచాడు. "తీసుకో" అన్నాడు.

ఆండ్రీస్ రెండు చేతులా అందుకున్నాడు. దాదాపు ఏడాదికి మగ్గుతో తాగుతున్నాడు. గుటక గుటకకీ గొంతు కదులుతుంటే ఊరంతా చూసింది. అడుగున కొంచెం మిగిలింది. వాడు ఆగి, మగ్గులోకి చూసి, కాళ్ళ దగ్గర అప్పుడే నాటిన గుండీల వైపు చూశాడు.

మీటా ఒక్క అడుగు ముందుకేసి వాడి చెయ్యి పట్టుకుంది.

"వాటికి వాన ఉందిరా. ఆ గుక్క నీది."

ఆండ్రీస్ తాగేశాడు.